సొన మరక

గేటు దగ్గర సెక్యూరిటీ మునిరత్నం
నా ఫోను కంటికి ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు.
కెమెరాలు తయారయ్యే చోట
కెమెరాకు చూపు నిషేధం.
రెండేళ్ళయింది, ఇంకా నవ్వొస్తూనే వుంది.

లోపల తెల్ల గౌను, తెల్ల టోపీ, ముక్కుకు గుడ్డ.
గాలి జల్లు కింద నిలబడి
తిరుపతినంతా దులిపించుకుంటాను:
కరకంబాడి రోడ్డు లారీల దుమ్ము,
లీలామహల్ సర్కిల్లో టిఫిను బండి పొగ.
తలలో పూలకైతే అసలే పర్మిషను లేదు.

వేలిగోరంత కెమెరాలు
ట్రేలో వరసగా, చేపపిల్లల కళ్ళలా.
ఒక్కోదానికీ ఒకే పటం చూపిస్తాను.
నలుపు గీతలు, తెలుపు గీతలు, మూలల్లో గళ్ళు.
గీత గీతలాగే కనబడితే ఓకే.
అలుక్కుపోతే ఎన్‌జీ, నీలం డబ్బాలోకి.
షిఫ్టుకు రెండు వేల చిల్లర.
పుట్టగానే లోకమంటే ఇంతేననుకుంటాయేమో, పాపం.
ఆ తర్వాత ఎవరి పెళ్ళి చూస్తాయో,
ఎవరి ఎక్స్‌రే, ఎవరింటి కరెంటు బిల్లు,
గుండు చేయించుకున్న పిల్లోడి ఏడుపు మొహం
నాకు తెలియదు.
నేను నేర్పింది గీతలే.

నైట్ షిఫ్టు దిగి ఆరున్నరకు బస్సు.
రేణిగుంట దాటాక కిటికీలోకి కొండ వస్తుంది.
ఎర్రరాతి అంచు మీద ఎండ మొదట పడేది
పన్నెండు సెకన్లు. లెక్కపెట్టాను.
రోజూ తీద్దామనుకుంటాను,
రోజూ నిద్రే ముందు గెలుస్తుంది.
"కొండ యాడికీ పోదులే పాపా, పండుకో"
అంటాడు డ్రైవరు దొరస్వామి.

ఆదివారం స్కూటీ మీద దామలచెరువు పోయాను.
ఎందుకంటే చెప్పలేను.
ప్రయాణమంటే మా లైనులో అందరూ ఊటీ అంటారు, గోవా అంటారు.
నాది ఒక లీటరు పెట్రోలు,
చంద్రగిరిలో టీ, పాకాల దగ్గర వాన.

మండీలో తోతాపురి గుట్టలు,
ట్రాక్టర్ల నడుమ జారుడు దారి.
ఒకామె గుట్ట ముందు గొంతుక్కూర్చుని
కాయ తీయడం, బొటనవేలితో నొక్కడం, విసరడం.
కుడికి గుజ్జు ఫ్యాక్టరీ, ఎడమకు మద్రాసు,
వెనక్కి ఎన్‌జీ.
నాకన్నా స్పీడు.
"ఎట్ట తెలస్తాదక్కా?"
"చూస్తే ఏం తెలస్తాది, పట్టుకుంటే గదా!"

ఫోను తీశాను. స్క్రీనంతా ఎరుపు.
మళ్ళీ నొక్కాను. ఎరుపే.
స్టిక్కరు పీకడం మరిచిపోయాను.
ఆమె ముందు నవ్వింది, తర్వాత పేరు చెప్పింది, కుప్పమ్మ.
"కంటికి బొట్టు పెట్టి పేరంటానికి తెచ్చినావా దీన్ని?"
సొన అంటిన గోటితోనే గీరి పారేసింది.

ఫోటో వచ్చింది.
ఎండ పక్కకు సాగింది, అంచులు కరిగాయి.
కుప్పమ్మ చెయ్యి ఎక్కడ ఆగిందో
కాయ ఎక్కడ మొదలైందో
మధ్యలో గీత లేదు.
మా ఇంజనీరు చూస్తే మారుమాట లేదు, నీలం డబ్బా.
ఆమె మాత్రం ఫోను మొహానికి దగ్గరగా జరుపుకుని
"కాయ బాగుండాది" అంది.
తన గురించి ఏమీ అనలేదు.

తన ఫోనుకు పంపమని ఇచ్చింది.
వెనక అద్దం పగిలింది, లోపల కన్ను మా సైజే.
నా చేతి మీదుగా పోయిందా?
చెప్పలేను, నెంబరు బయటికి కనబడదు.
గ్యాలరీ నిండా ధరల పలకలు,
ఒక హాల్ టికెట్టు,
పద్నాలుగుసార్లు ఒకే మేకపిల్ల.

సోమవారం రాత్రి గేటు.
మునిరత్నం కొత్త స్టిక్కరు అంటించబోయి ఆగాడు.
"ఏందిది జిగురు? నిలవడం లే.
తుడిచి ఇయ్యి."

జేబులో గుడ్డ వుంది,
నూగు రాలని గుడ్డ, కంపెనీదే.
వెనక క్యూలో నలభై మంది.

నేనింకా తుడవలేదు.